గొర్రె వీపు మీద రంగెందుకు? పట్టు రైతు ఇంటి మందకూ ఒక లెక్క ఉండాలి



ఈసారి సంచికలో పురుగుల మాట కొంచెం పక్కన పెట్టి, షెడ్డు పక్కన దొడ్డిలో ఉండే గొర్రెల గురించి మాట్లాడుకుందాం. కోలారు, చిక్కబళ్లాపురం వైపైనా, హోసూరు, కృష్ణగిరి వైపైనా మనవాళ్ల ఇళ్లల్లో మల్బరీ తోట ఉన్నచోట పదో ఇరవయ్యో గొర్రెలు కూడా ఉంటాయి. పురుగు తిని వదిలేసిన కొమ్మలు వాటికి మేత. వాటి పెంట మళ్లీ తోటకు ఎరువు. గూళ్ల ధర పడిపోయిన నెలలో సంతకు తోలుకుపోయే పొట్టేలే పిల్లల బడి ఫీజు, చీటీ డబ్బు. అంటే గొర్రె మనకు పక్క పని కాదు, రెండో బ్యాంకు.

ఫోన్లో విదేశాల గొర్రెల వీడియోలు చూసేవాళ్లకు ఒక సందేహం వస్తుంది. తెల్లటి గొర్రెల మీద ఒకదానికి పిర్రల పైన ఎర్రగా, ఒకదానికి నీలంగా, ఇంకొకదానికి పక్కటెముకల మీద పెద్ద అంకె. పండగ అలంకారమా? పిల్లలు పూశారా? కాదు. ఆ రంగుల్లో ప్రతి ఒక్కటీ ఒక రాత. చదవడం తెలిసినవాడికి ఆ గొర్రె జాతకం మొత్తం దూరం నుంచే కనబడుతుంది. ఆ రాత ఏంటి, అందులో మన ఇరవై గొర్రెల మందకు పనికొచ్చేది ఏంటి అన్నదే ఈ వ్యాసం.

*రంగు చెప్పే నాలుగు సంగతులు*

గొర్రెకు రంగు పూయడం వెనక నాలుగు ప్రశ్నలు ఉంటాయి. ఇది ఎవరి గొర్రె? పొట్టేలు దీన్ని ఎప్పుడు దాటింది? ఈ పిల్ల ఏ తల్లిది? దీనికి మందు పడిందా లేదా?

చెవికి బిళ్ల ఉంటే చాలదా అని అడగొచ్చు. మన దగ్గర పశువులకు 12 అంకెల బిళ్ల వేస్తున్నారు. బ్రిటన్‌లో 2010 నుంచి గొర్రెలకు ఎలక్ట్రానిక్ బిళ్ల కూడా వచ్చింది. అయినా అక్కడ రంగు డబ్బా పోలేదు. ఎందుకంటే చెవి బిళ్ల చదవాలంటే గొర్రెను పట్టుకోవాలి. రంగు చదవాలంటే గట్టు మీద నిలబడితే చాలు. బిళ్ల ఆ గొర్రె పేరు చెబుతుంది. రంగు ఈ నెల దాని సంగతి చెబుతుంది. రెండూ వేరే పనులు.

*మొదటిది: ఇది ఎవరి గొర్రె*

ఇంగ్లండు ఉత్తరాన కంబ్రియా అనే కొండల సీమ ఉంది. అక్కడి కొండలకు కంచెలు లేవు. ఊరందరి గొర్రెలూ ఒకే కొండ మీద మేస్తాయి. మరి ఎవరివి ఎవరివో ఎట్లా తెలియాలి? ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది. ఎడమ భుజం మీద ఎర్ర గీత ఒకరిది, నడుము మీద అడ్డంగా నల్ల గీత ఇంకొకరిది. దాన్ని అక్కడ స్మిట్ అంటారు. దానికి తోడు చెవికి గాటు కూడా పెడతారు, ఎందుకంటే ఉన్ని కత్తిరిస్తే రంగు పోతుంది, చెవి గాటు పోదు. ఈ గుర్తులన్నీ గొర్రె బొమ్మల మీద వేసి 1817లోనే పుస్తకంగా అచ్చు వేశారు. తప్పిపోయిన గొర్రె దొరికితే పుస్తకం తిరగేసి ఎవరిదో చూసి అప్పగించేవారు. దానికోసం ఏటా కాపరులందరూ ఒకచోట చేరడం కూడా అక్కడ ఆచారం.

మనకు ఇది కొత్త కాదు. నాలుగైదు ఇళ్ల కురుబలు, గొల్లలు మందలు కలిపి మేతకు దూరం పోయేటప్పుడు ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకుంటారు. చెవి గాటు, కొమ్ముకు రంగు, మెడ మీద చుక్క. సంతలో బేరం తెగిన వెంటనే కొన్నవాడు వీపు మీద రంగు చరుస్తాడు, ఇంకొకడు చెయ్యి వెయ్యకుండా. మహారాష్ట్రలో ధనగర్ల దక్కనీ గొర్రెలకైనా, ఒడిశాలో మన గొల్లలు మేపే గంజాం గొర్రెలకైనా గుర్తు లేకుండా ఉమ్మడి మంద నడవదు.

మన మల్బరీ రైతులకు ఇందులో ఒక లాభం ఉంది. తోట కత్తిరించాక బయటి మందను రెండు మూడు రాత్రులు తోటలో మందగట్టిస్తాం కదా. గొర్రె ఎరువులో పశువుల పేడకన్నా నత్రజని ఎక్కువ. తెల్లారి మంద లేచిపోయేటప్పుడు మన ఇంటి గొర్రె రెండు అందులో కలిసిపోతే మళ్లీ మాటలు, తగాదాలు. మంద వచ్చే ముందురోజే మన గొర్రెలకు మన రంగు పడితే ఆ గొడవే లేదు.

*రెండోది: పొట్టేలు ఎప్పుడు దాటింది*

రంగు వెనక అసలు గట్టి లెక్క ఇక్కడే ఉంది. మిగతావి మరిచినా దీన్ని మరవకండి.

వీడియోల్లో గొర్రె పిర్రల మీద కనబడే రంగు మనిషి పూసింది కాదు, పొట్టేలు పూసింది. పొట్టేలు బోరకు తోలు పట్టీలతో ఒక రంగు దిమ్మ కడతారు. అది గొర్రెను దాటినప్పుడల్లా ఆ రంగు గొర్రె పిర్రల మీద అంటుకుంటుంది. పొద్దున లేచి చూస్తే రాత్రి ఎన్ని దాటిందో మంద మీదే రాసి ఉంటుంది.

ఈ పట్టీలు రాకముందు అక్కడివాళ్లు ఎర్రమన్ను పొడిని నూనెలో కలిపి పొట్టేలు బోరకు రోజూ మెత్తేవారు. ఆ ఎర్రమన్ను మరేదో కాదు, మన అరుగుల అంచులకు, గోడలకు పూసే జాజే. అందులో ఉండేది ఇనుప తుప్పు రంగే. ఇంగ్లండులో దాన్ని ఊరూరా తిప్పి అమ్మేవాళ్లు ఉండేవారు. అమ్మీ అమ్మీ వాళ్ల ఒళ్లు, బట్టలు, బండి అన్నీ ఎర్రబడేవట. థామస్ హార్డీ 1878లో తెచ్చిన నవలలో అట్లాంటి జాజు అమ్మేవాడు ఒక ముఖ్య పాత్ర.

ఇప్పుడు లెక్క వినండి. గొర్రె చూలు కట్టకపోతే సుమారు 17 రోజులకు మళ్లీ ఎదకు వస్తుంది. అందుకని పొట్టేలును మందలో వదిలిన మొదటి 17 రోజులు ఒక రంగు పెడతారు, పసుపుపచ్చ అనుకుందాం. 18వ రోజు రంగు మారుస్తారు, ఎరుపు. ఇంకో 17 రోజుల తర్వాత నీలం. ఎప్పుడూ లేత రంగుతో మొదలుపెట్టి ముదురుకు పోవాలి. ముదురు మీద లేత పడితే కనబడదు.

రెండో 17 రోజులు ముగిసేసరికి మంద మీద ఏం కనబడుతుంది?

పసుపు ఒక్కటే ఉన్న గొర్రె: మొదటిసారే చూలు నిలిచిందని ఆశ పెట్టుకోవచ్చు.

పసుపు మీద ఎరుపు పడిన గొర్రె: మొదటిసారి నిలవలేదు, తిరగపొర్లింది.

ఎరుపు ఒక్కటే ఉన్నది: ఆలస్యంగా ఎదకు వచ్చింది.

ఏ రంగూ లేనిది: ఎదకే రాలేదు. బక్కచిక్కి ఉండొచ్చు, ముదిరిపోయి ఉండొచ్చు, లేదా ముందే చూలుతో ఉండొచ్చు. దాన్ని పట్టుకుని చూడాలి.

ఒకటి రెండు తిరగపొర్లితే ఆ గొర్రెల తప్పు. మందలో ముక్కాలు భాగం మీద పసుపు పైన ఎరుపు పడిందంటే తప్పు పొట్టేలుదే. అది ఉత్సాహంగా దాటుతూనే ఉంటుంది, చూసేవాడికి ఏ లోపం కనబడదు, కానీ చూలు నిలవదు. పొట్టేలుకు గట్టిగా జ్వరం వచ్చినా, నీలి నాలుక వ్యాధి తగిలినా, ఎండకు బాగా దెబ్బతిన్నా బీజం చెడిపోతుంది. మంచి బీజం మళ్లీ తయారవడానికి సుమారు 7 వారాలు పడుతుంది.

రంగు పెట్టినవాడికి ఈ సంగతి 35వ రోజుకు తెలుస్తుంది. వెంటనే పక్క ఊరి నుంచి మంచి పొట్టేలును తెచ్చుకుంటాడు. రంగు పెట్టనివాడికి ఎప్పుడు తెలుస్తుంది? గొర్రె చూలు మోసేది 5 నెలలు. ఈనే రోజులు వచ్చి, పొదుగులు దిగక, పొట్టలు రాక, అప్పుడు తెలుస్తుంది. 20 గొర్రెలున్న ఇంట్లో అది ఒక ఈత మొత్తం పోయినట్టే. మేపిన మేత పోయింది, కాపు కాసిన రోజులు పోయాయి, అమ్ముకోవాల్సిన పిల్లలు పోయాయి. చారెడు జాజు, గిద్దెడు నూనె పెట్టలేక పోగొట్టుకున్నది ఒక ఈత.

ఒక జాగ్రత్త: రంగు పడిందంటే పొట్టేలు దాటిందని అర్థం, చూలు కట్టిందని కాదు. రంగు మళ్లీ పడకపోవడమే చూలుకు గుర్తు. అందుకే రెండో రంగు తప్పనిసరి. ఒక్క రంగుతో ఆపేస్తే సగం లెక్కే.

*ఈత తేదీ, పురుగు చివరి జ్వరం*

ఇదే లెక్క మన పట్టు పనికి ఎట్లా ఉపయోగపడుతుందో చూడండి.

ఆగస్టు 1న పొట్టేలును వదిలామనుకోండి. ఆగస్టు 17 దాకా పసుపు. గొర్రె సుమారు 147 నుంచి 150 రోజులకు ఈనుతుంది. కాబట్టి పసుపు ఒక్కటే ఉన్న గొర్రెలు డిసెంబరు 26 నుంచి జనవరి 14 మధ్యలో ఈనుతాయి. ఆగస్టు 18 నుంచి సెప్టెంబరు 3 దాకా ఎరుపు పడినవి జనవరి 12 నుంచి 31 మధ్యలో ఈనుతాయి. నాలుగు నెలలు ముందుగానే ఇది గోడ మీద రాసి పెట్టుకోవచ్చు.

ఎందుకు రాసుకోవాలి? పురుగు నాలుగో జ్వరం నుంచి లేచాక తినే ఆకు మొత్తం పంట ఆకులో 80 నుంచి 85 శాతం. ఆ వారం రోజులు ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. తెల్లవారుజామున కొమ్మ కోత, మూడు పూటలా మేత, పడకలు చూడడం, ఆపైన చంద్రికలకు ఎక్కించడం. అదే వారంలో పది గొర్రెలు ఈనితే ఎవరు చూస్తారు? పుట్టిన పిల్లకు మొదటి గంటల్లోనే ముర్రుపాలు పట్టాలి. చలికాలం రాత్రి పుట్టిన పిల్లను తుడిచి వెచ్చగా పెట్టాలి. షెడ్డులో పురుగు ఆకలికి ఉండలేదు, దొడ్డిలో పిల్ల చలికి ఆగలేదు. ఒకటి తప్పక నష్టపోతాం.

పసుపు గొర్రెలు ఎన్ని, ఎరుపు గొర్రెలు ఎన్ని అని ముందే తెలిస్తే, చాకీ పురుగు ఎప్పుడు తెచ్చుకోవాలో దాన్ని బట్టి వారం అటో ఇటో జరుపుకోవచ్చు. లేదా పొట్టేలును వదిలే తేదీనే జరుపుకోవచ్చు. దానికోసం పొట్టేలును ఏడాది పొడుగునా మందలోనే ఉంచే అలవాటు మానాలి. మన గొర్రెలు ఏడాదిలో ఎప్పుడైనా ఎదకు వస్తాయి. చల్లదేశాల గొర్రెల్లాగా పగలు తగ్గే కాలం కోసం ఎదురుచూడవు. కాబట్టి తేదీ ఎంచుకునే హక్కు వాళ్లకన్నా మనకే ఎక్కువ. దాన్ని వాడుకోవడం లేదు, అంతే.

*మూడోది: ఈ పిల్ల ఏ తల్లిది*

బ్రిటన్‌లో గొర్రెలు రెండేసి పిల్లలు వేయడం మామూలు. అక్కడ చూలుతో ఉన్న గొర్రెలకు స్కానింగు చేసి, ఒంటి పిల్ల ఉన్నదానికి ఒక రంగు, జంట ఉన్నదానికి ఇంకొకటి, ఏమీ లేనిదానికి వేరేది చుక్క పెడతారు. జంట మోసే తల్లికి దాణా ఎక్కువ. ఒంటి పిల్ల తల్లికి అంత పెడితే పిల్ల మరీ పెరిగి ఈనడం కష్టమవుతుంది. ఈనాక తల్లి పక్కటెముకల మీద 14 అని రాస్తే, దాని రెండు పిల్లల మీదా అదే 14. పిల్ల ఎక్కడ అరుస్తున్నా దాని తల్లి ఏదో పట్టుకోవచ్చు.

మన నెల్లూరు జాతి, మేచేరి జాతి గొర్రెలు ఎక్కువగా ఒంటి పిల్లనే వేస్తాయి కాబట్టి మనకు ఈ అవసరం పెద్దగా కనబడలేదు. కానీ కాలం మారుతోంది. మహారాష్ట్రలో ఫల్టణ్ దగ్గర నింబకర్ వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్లు బెంగాల్ గరోల్ గొర్రెలో ఉన్న కవలల గుణాన్ని దక్కనీ గొర్రెలోకి తెచ్చి నారి సువర్ణ అనే జాతిని తయారుచేశారు. అట్లాంటివి దొడ్డిలోకి వస్తే తల్లికీ పిల్లలకూ ఒకే అంకె రాయడం నేర్చుకోక తప్పదు.

ఈ సూత్రం పట్టు రైతుకు చెప్పనక్కరలేదు, మన పనికి పునాదే ఇది. 1860లలో ఫ్రాన్సులో పెబ్రిన్ రోగం, అదే మనం గంటు రోగం అంటామే, పట్టు పరిశ్రమను తుడిచిపెట్టేసింది. 1865లో లూయీ పాశ్చర్ అక్కడికి పోయి కనిపెట్టిన దారి ఏంటి? ప్రతి తల్లి చిలుకను విడిగా ఒక చిన్న గుడ్డ ముక్క మీద గుడ్లు పెట్టనిచ్చారు. ఆ తల్లిని ఆ గుడ్డకే గుచ్చి ఉంచారు. తర్వాత తల్లిని నూరి సూక్ష్మదర్శిని కింద చూశారు. తల్లిలో రోగం ఉంటే దాని గుడ్లు కాల్చేశారు, లేకపోతే ఉంచారు. ఈ రోజు మనం కొనే రోగం లేని గుడ్లన్నీ ఆ పద్ధతి బిడ్డలే. తల్లీ పిల్లల ముడి తెగిపోకుండా గుర్తు పెట్టుకోవడమే అక్కడ మందు.

గొర్రెలోనూ అంతే. ఏ తల్లి పిల్లలు బాగా పెరుగుతున్నాయి, ఏ తల్లికి పాలు చాలవు, ఏది పిల్లను దగ్గరికి రానివ్వదు అన్నది గుర్తుంటేనే ఆడపిల్లల్లో దేన్ని ఉంచుకోవాలో, దేన్ని అమ్మాలో తెలుస్తుంది. లేకపోతే సంతలో బాగా కనబడేదాన్ని అమ్మేస్తాం, అంటే మంచి తల్లి బిడ్డను పోగొట్టుకుని, మిగిలినదాన్ని విత్తనానికి పెట్టుకుంటాం. రెండు పొట్టేళ్లున్నవాళ్లు రెండింటికీ వేరే రంగు పెడితే తండ్రి కూడా తెలుస్తాడు. కూతురిని తండ్రే దాటే పరిస్థితి తప్పుతుంది.

*నాలుగోది: మందు పడిందా*

నట్టల మందు తాపేటప్పుడు చూడండి. దొడ్డిలో ముప్పై గొర్రెలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఒకరు పట్టుకుంటారు, ఒకరు తాపుతారు. పదిహేను అయ్యాక ఏది తాగిందో ఏది తాగలేదో ఎవరికీ తెలియదు. ఒకదానికి రెండుసార్లు పడుతుంది, ఇంకొకటి తప్పించుకుంటుంది. రెండుసార్లు పడినదానికి ప్రాణం మీదికి రావచ్చు. తప్పించుకున్నది మళ్లీ మంద మొత్తానికి నట్టలు పంచుతుంది. తాపిన వెంటనే వీపు మీద సుద్దతో ఒక గీత. అంతే పని. పి.పి.ఆర్., చిటుకు రోగం, బొబ్బ రోగం టీకాలు వేయించేటప్పుడు కూడా ఇదే.

మందు తాగిన గొర్రెను ఇన్ని రోజుల దాకా కోతకు అమ్మకూడదని మందు డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ రోజులు అయ్యేదాకా చెరిగిపోని రంగు వేస్తే ఇంట్లో వేరేవాళ్లు తెలియక సంతకు తోలరు.

ఇక పట్టు రైతుకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. గొర్రెలకు పిడుదులు, గోమార్లు పడితే ఒంటి మీద మందు కొడతాం లేదా మందు నీళ్లలో ముంచుతాం. ఆ మందుల్లో ఎక్కువగా డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటివి ఉంటాయి. గొర్రె మీద ఉండే పురుగును చంపేది పట్టుపురుగును వదలదు. వీటి నలుసంత అంటిన ఆకు తిన్నా పట్టుపురుగు కక్కుకుని, మెలికలు తిరిగి చస్తుంది. మందు కొట్టిన చేతులతో ఆకు కోయడం, ఆ గొర్రెలు తోటలో దూరి ఆకుకు ఒళ్లు రాయడం, ఆ మందు డబ్బా ఆకు గోనెల పక్కన పెట్టడం — ఇవన్నీ పంట పోయే దారులే. పంట పోయాక ఆకు బాగాలేదని, చాకీ బాగాలేదని అందరినీ అనుమానిస్తాం. దొడ్డి వైపు ఎవరూ చూడరు.

కాబట్టి మూడు పనులు చేయండి. ఒకటి, పిడుదుల మందు గూళ్లు దింపి అమ్మాక, మళ్లీ చాకీ రాకముందే కొట్టండి. పురుగు షెడ్డులో ఉండగా వద్దు. రెండు, కొట్టినవాళ్లు స్నానం చేసి బట్టలు మార్చకుండా తోటలోకి, షెడ్డులోకి రాకూడదు. వీలైతే ఆ పని షెడ్డు పని చేయనివాళ్లకు అప్పగించండి. మూడు, మందు కొట్టిన ప్రతి గొర్రె నుదుటి మీద ఒక గట్టి రంగు చుక్క పెట్టండి. ఆ చుక్క ఉన్న గొర్రె తోట గట్టు ఎక్కకూడదు అని ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.

పనిలో పనిగా ఇంకో మాట. పురుగు వదిలేసిన కొమ్మలు గొర్రెకు మంచి మేతే, మల్బరీ ఆకులో మాంసకృత్తులు 15 నుంచి 25 శాతం దాకా ఉంటాయి. కానీ పడక మీద పొడి మందు చల్లిన చెత్త, సున్నకట్టు రోగం గానీ పాలరోగం గానీ తగిలిన పురుగులున్న చెత్త గొర్రెకు వేయకండి. 

*ఏ రంగు వాడాలి, ఏది వాడకూడదు*

ఇంటికి కొట్టే ఎనామెల్ పెయింటు వద్దు. చర్మం పొక్కుతుంది, బొచ్చు రాలుతుంది, తోలు ధర కూడా పడుతుంది. తారు వద్దు, ఇంజనాయిలు వద్దు, సున్నం అసలే వద్దు. పాత రోజుల్లో బ్రిటన్‌లో తారుతో గుర్తులు వేసేవారు. ఉతికినా ఆ తారు పోక, మిల్లువాళ్లకు తారు అంటిన ఉన్ని కత్తిరించి పారేయడమే పనయ్యేది. అందుకే తర్వాత కడిగితే పోయే రంగులు వచ్చాయి. మన దగ్గర కంబళ్లకు ఉన్ని ఇచ్చే నల్ల దక్కనీ గొర్రెలున్నవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

పశువుల మందుల అంగట్లో జంతువులకు గుర్తు పెట్టే రంగు కడ్డీలు, స్ప్రే డబ్బాలు దొరుకుతాయి. అవి ఉత్తమం. పొట్టేలు బోరకైతే జాజు పొడిని వేరుశనగ నూనెలోనో ఆముదంలోనో ముద్దలాగా కలిపి, రోజు విడిచి రోజు పూస్తే చాలు. పసుపు కలిపి పూస్తే ఎండకు త్వరగా వెలిసిపోతుంది, నమ్మకండి.

జాతిని బట్టి రంగు ఎంచుకోవాలి. నెల్లూరులో తెల్లటి పల్ల గొర్రె మీద, మూతి, కళ్ల దగ్గర నల్ల మచ్చలుండే జోడిపి మీద ఏ రంగైనా కనబడుతుంది. ఎర్రటి దొర గొర్రె మీద, గోధుమ రంగు మేచేరి మీద జాజు కనబడదు, వాటికి నీలమో ఆకుపచ్చో కావాలి. నల్ల దక్కనీ మీద తెలుపు, పసుపుపచ్చ తప్ప వేరేవి పనిచేయవు.

*మన ఇంటికి ఒక పద్ధతి*

రంగులు ఎక్కువైతే మనకే తికమక. అందుకని రంగుకన్నా చోటుకు అర్థం పెట్టుకోండి.

పిర్రల మీద: పొట్టేలు గుర్తు. 17 రోజులకొక రంగు.

వీపు మీద: నట్టల మందు, టీకా. సుద్ద గీత చాలు.

పక్కటెముకల మీద: తల్లీ పిల్లల అంకె.

నుదుటి మీద: పిడుదుల మందు. తోటలోకి రాకూడదు.

మెడ మీద: అమ్మేయాల్సింది. ఈనడానికి కష్టపడింది, పొదుగు చెడింది, పిల్లను తన్నింది.

ఎడమ భుజం మీద: మన ఇంటి గుర్తు. ఎప్పటికీ మారకూడదు.

రంగు వానకు పోతుంది, ఎండకు వెలుస్తుంది. కాబట్టి పురుగు జ్వరాల తేదీలు రాసే పుస్తకంలోనే వెనక నాలుగు పేజీలు గొర్రెలకు వదలండి. పొట్టేలును వదిలిన తేదీ, రంగు మార్చిన తేదీ, ఏ గొర్రెకు ఏ రంగు పడింది, ఎప్పుడు ఈనింది. ఇంతే. రాయడం రానివాళ్లు ఆ రోజు మందను ఫోనుతో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. తేదీ ఫోనే రాసుకుంటుంది.

గుడ్డు పొదిగిన రోజు నుంచి గూడు దింపే దాకా గంటల లెక్క రాసుకునేవాళ్లం మనం. దొడ్డిలో ఉన్న రెండో బ్యాంకుకు ఆ లెక్కలో పదో వంతు చాలు. ఈసారి పొట్టేలును వదిలేటప్పుడు బోరకు జాజు పూసి చూడండి. మీ ఊళ్లో పాత కాపరులు వాడే గుర్తులు, వాళ్లు వాటికి చెప్పే పేర్లు తెలిస్తే గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టండి. ఒక్కో సీమలో ఒక్కో మాట ఉంటుంది, అవన్నీ కలిపి ఇంకోసారి చెప్పుకుందాం.